ఉగ్గు మప్పిన చెయ్యి

కరోనా సద్దుమణిగి ఆఫీసులన్నీ మళ్ళీ తెరుచుకున్న ఏడాది జూన్‌లో మా ఆసుపత్రి వాళ్ళు నన్ను సికింద్రాబాద్‌లోని మెట్టుగూడ శాఖకు సీనియర్ డైటీషియన్‌గా పంపారు. పేరుకే సీనియర్. నా కింద ఉన్నది ఒక జూనియర్ అమ్మాయి, ఒక చిన్న వంటగది, అందులో రెండు పొయ్యిల స్టవ్వు. బుధవారం నడిచే శిశు క్లినిక్ నా బాధ్యత. టీకాలకూ బరువు చూపించుకోవడానికీ వచ్చే తల్లులు ముందు సిస్టర్ దగ్గరికి, తరువాత పిల్లల డాక్టరుగారి దగ్గరికి, అందరూ అయ్యాక నా దగ్గరికి వచ్చేవారు. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు పెట్టే తిండిని మా వృత్తి భాషలో అనుబంధ ఆహారం అంటారు. ఇళ్ళల్లో ఉగ్గు అంటారు. ఆ ఉగ్గు ఎలా కాచాలో, ఎంత పెట్టాలో, ఎప్పటి నుంచి చిక్కన చెయ్యాలో చెప్పడం నా ఉద్యోగం.

బయటివాళ్ళకు ఇది తేలిక పనిలా కనిపిస్తుంది. మా అక్కచెల్లెళ్ళే "జావ కాచడానికి కూడా డిగ్రీ కావాలా?" అని ఆటపట్టించేవారు. మొదట ఒక్క ధాన్యంతోనే మొదలుపెట్టాలి, మామూలుగా బియ్యంతో. కొన్ని రోజులు అదే పెట్టి, ఒంటికి పడిందని నమ్మకం కలిగాక పెసరపప్పు కలపాలి, ఆ తరువాత రాగులు. ఏడాది నిండేదాకా ఉప్పు, చక్కెర, తేనె ఏవీ వద్దు. చిక్కదనానికి చెంచా పరీక్ష ఉంటుంది. చెంచా వంచితే జావ నీళ్ళలా కారిపోకూడదు, మెల్లగా జారాలి. నీళ్ళ జావతో పొట్ట నిండుతుంది కానీ బరువు పెరగదు. జావను పల్చగా కలిపి పాలసీసాలో పోసి తాగించే తల్లులతో నాకు వారం వారం పోట్లాటే.

నాకు సొంత ఉగ్గుపిండి ఒకటి ఉండేది. దోరగా వేయించిన బియ్యం, పెసరపప్పు, మొలకెత్తించి ఎండబెట్టి వేయించిన రాగులు కలిపి మెత్తగా పట్టించేదాన్ని. పాళ్ళు నేనే కుదిర్చుకున్నాను. పాత శాఖలో తల్లులు దాన్ని వసుంధరమ్మ పిండి అనేవారు. డాక్టరుగారు ఎవరికైనా "మన పిండి వాడండి" అని చెబితే నాకు చురుక్కుమనేది. మన పిండి ఏమిటి, నా పిండి. వృత్తిలో పేరు పంచుకోవడం నాకు మొదటి నుంచీ చేతకాలేదు. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తరువాత జరిగినదంతా ఆ గుణంతో కలిసే జరిగింది.

ఒక బుధవారం డాక్టరుగారు లావణ్య అనే అమ్మాయిని నా దగ్గరికి పంపారు. ఆమెది మెట్టుగూడే. రైల్వే లైనుకు దగ్గరలో ఒక మేడ మీది వాటాలో అద్దెకు ఉండేవారు. భర్త గూడ్సు బండి గార్డు, నెలలో సగం రోజులు లైను మీదే. ఆమె రోజూ మెట్రోలో బేగంపేటకు, అక్కడి ఆఫీసుకు వెళ్ళేది. వాళ్ళ పాప హన్సికకు తొమ్మిదో నెల నడుస్తోంది. రెండు నెలలుగా బరువు కదలలేదు. ఎదుగుదల పటం మీద ఆ పిల్ల గీత పైకి లేవకుండా పడుకుని ఉంది. రక్తం, మూత్రం అన్నీ పరీక్షించారు, లోపల ఏ జబ్బూ లేదు. ఉగ్గు తినడం లేదు, అంతే. వచ్చేసారి బరువు చూసే నాటికి గీత లేవకపోతే వార్డులో చేర్చుకుని చూడాల్సి ఉంటుందని డాక్టరుగారు తల్లికి చెప్పి, ఐరన్ చుక్కలు రాసిచ్చి పంపారు.

నేను అప్పటికప్పుడు స్టవ్వు వెలిగించి నా పిండితో ఉగ్గు కాచాను. చల్లార్చి, చెంచా వంచి చూసుకుని, పాపను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని పెట్టాను. పెదవులు బిగించింది. చెంచా పెదవికి తాకించి ఆగాను, బలవంతం చెయ్యకూడదు కనుక. నోరు తెరిచింది, పుచ్చుకుంది, నా గంజి పెట్టిన చీర మీద ఉమ్మేసింది. వరసలో కూర్చున్న తల్లులు నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక చేసేదేముంది.

అప్పుడు లావణ్య మెల్లగా అంది. "గ్రేస్ ఆంటీ పెడితే తింటది మేడమ్. నేను పెడితే తినది. మా అత్తమ్మ పెట్టినా తినలే. ఇప్పుడు మీరు పెట్టినా తినలే, సూశిండ్రు గదా."

గ్రేస్ ఆంటీ ఎవరని అడిగాను. కింది వాటాలో ఉండే గ్రేసమ్మ గారు, రిటైరైన టీచరు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. ఆమె కూతురు ఏదో ఆసుపత్రిలో నర్సు. ఏడాదిన్నర మనవడు జోయెల్‌ను పగలంతా గ్రేసమ్మే చూసుకుంటుంది. లావణ్య ఆఫీసుకు పోతూ హన్సికను కూడా అక్కడే దింపి వెళ్తుంది. మధ్యాహ్నం గ్రేసమ్మ పెట్టే గిన్నెడు ఉగ్గు పిల్ల నాకేస్తుందట. పొద్దున, సాయంత్రం, సెలవు రోజుల్లో మేడ మీద మాత్రం ఒక్క చెంచా ముట్టదు. తల్లిపాలు పోను ఆ పిల్ల తింటున్నది ఆ ఒక్క పూటే అన్నమాట.

ఇక అసలు సంగతి లావణ్య చివర్లో చెప్పింది. వచ్చే నెల నుంచి గ్రేసమ్మ దగ్గర మానిపించి, ఆఫీసు పక్కన ఉన్న క్రెష్‌లో వేస్తుందట. ఉన్న ఒక్క పూట తిండీ పోతుంది కదమ్మా అన్నాను. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"పోతే పోనీ మేడమ్. నా బిడ్డ నా చేతిల తినాలె, గంతే. సాయంత్రం నేను ఉరుక్కుంట వస్తే నా దిక్కు సుత సూడది. ఆంటీ కొంగు పట్టుకుంటది. ఆమె నన్ను జూసి నవ్వుతది, 'మా దగ్గర సక్కగ తిన్నదమ్మా' అంటది. నాకు లోపల ఎట్లుంటదో మీకేం ఎరుక?"

నాకు బాగానే ఎరుక. నా పిండి ఉమ్మేసిన పిల్ల ఎవరి చేతిలోనో గిన్నె నాకేస్తోందని విన్నప్పటి నుంచి నాకూ అలాగే ఉంది.

క్రెష్ సంగతి తేల్చడానికి వచ్చే బరువు దాకా గడువు అడిగాను. ముందు మామూలుగా చెప్పే సలహా చెప్పాను. పాలు తాగే పిల్లకు తల్లి ఒళ్ళో కూర్చుంటే పాల మీదికే ధ్యాస పోతుంది. కనుక పాలివ్వకముందే, ఒళ్ళో కాకుండా ఎదురుగా కూర్చోబెట్టి ఉగ్గు పెట్టమన్నాను. ఫోన్‌లో పాటలు పెట్టొద్దన్నాను. లావణ్య అన్నీ చేసింది. ఫలితం లేదు. మరుసటి బుధవారం వచ్చి "పరేషాన్ అయితున్న మేడమ్" అని కూర్చుంది. ఇంటికి వెళ్ళి చూస్తానన్నాను. గృహ సందర్శనం మా విధుల్లో ఉన్నదే.

నిజం చెప్పాలంటే నేను గ్రేసమ్మను పట్టుకోవడానికే వెళ్ళాను. ఆమె ఉగ్గులో చక్కెర వేస్తోందనో, బిస్కెట్లు నానబెట్టి కలుపుతోందనో నాకు గట్టి అనుమానం. అనుమానం కూడా కాదు, కోరిక. అలా తేలితే విషయమంతా చక్కగా సర్దుకుంటుంది. ఆమె చేతి మహిమ పోతుంది, నా శాస్త్రం నిలబడుతుంది.

గ్రేసమ్మ గారు నన్ను ఎంతో మర్యాదగా ఆహ్వానించారు. శుభ్రమైన ఇల్లు, కిటికీలోంచి రైలు పట్టాలు కనిపిస్తున్నాయి. చాప మీద జోయెల్, హన్సిక ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. "రండి వసుంధర గారూ, సరిగ్గా పిల్లల భోజనం వేళకే వచ్చారండీ. చూడండి, ఎంత బుద్ధిగా తింటారో. నా చేతిలో ఏదో ఉందండీ, అంతా ప్రభువు దయ. ఇన్నేళ్ళు ఒకటో తరగతి పిల్లల్ని సాకాను కదండీ, నా దగ్గర మొండికెయ్యరు" అన్నారు.

ఆమె మాట పూర్తి కాకముందే రుచి చూస్తానని గిన్నె అడిగి తీసుకున్నాను. చక్కెర లేదు, ఉప్పు లేదు. ఇంకో చెంచా నోట్లో వేసుకున్నాను. ఆ వేయించిన రాగి వాసన నాకు తెలియనిదా? అది నా పిండి. క్లినిక్‌లో నేనిచ్చిన పొట్లాన్ని లావణ్య తెచ్చి ఆమెకు ఇచ్చిందట. పైగా అది ఉండలు కట్టింది, చెంచా వంచితే గడ్డలా అతుక్కుంది. నా పిండి, నేను కాస్తే ఉమ్మేసిన పిండి, ఆమె ఉండలు కట్టించి పెడితే గిన్నె ఖాళీ అవుతోంది. ఆ క్షణంలో గ్రేసమ్మ గారి మీద నాకు పుట్టిన కుళ్ళు ఇంతా అంతా కాదు.

అయినా కూర్చున్నాను, ఎందుకంటే చూడటం నా పని. ఒకే గిన్నె, ఇద్దరికీ చెరో చెంచా. గ్రేసమ్మ ప్రార్థన చేసి, జోయెల్‌కు ఒక చెంచా పెట్టారు, తరువాత హన్సికకు ఒక చెంచా. పిల్ల ఆవురావురుమని అందుకుంది. ఇలా సగం గిన్నె అయ్యేసరికి ఏదో బండి కూత వేసింది. జోయెల్ లేచి కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. గ్రేసమ్మ హన్సికకు చెంచా అందించారు. పిల్ల పెదవులు బిగించేసింది. నా దగ్గర బిగించినట్టే, అచ్చంగా అలాగే. "ఏమ్మా, కడుపు నిండిందా తల్లీ?" అని గ్రేసమ్మ బుగ్గ నిమిరారు. రైలు పోయింది, జోయెల్ వచ్చి చాప మీద కూలబడి నోరు తెరిచాడు. ఆమె వాడికి పెట్టబోయారు. చెంచా వాడి నోటి దాకా వెళ్ళకముందే హన్సిక ముందుకు వంగి, చెంచా పట్టుకున్న చేతిని రెండు చేతులతోనూ తన వైపు లాక్కుంది.

నేను ఇంకోసారి చూడాలనుకున్నాను. జోయెల్‌ను ఎత్తుకుని, రైళ్ళు చూపిస్తానని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక పిల్ల నోరు మళ్ళీ మూతపడింది. తిరిగి తెచ్చి కూర్చోబెట్టాను. తెరుచుకుంది. ఇక సందేహం లేదు. ఆ పిల్ల గ్రేసమ్మ చేతి కోసం తినడం లేదు, ఉగ్గు రుచికీ తినడం లేదు. తన వంతు వాడికి పోతుందేమోనన్న కుళ్ళుతో తింటోంది. మేడ మీద పోటీ లేదు కనుక ఆకలి కూడా లేదు.

నాకు కలిగిన సంతోషంలో సగం పిల్లకు దారి దొరికినందుకు. మిగతా సగం అది గ్రేసమ్మ చేతి గుణం కాదని తేలినందుకు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. చెబితే ఆమె చిన్నబుచ్చుకుంటుంది. లావణ్యకు చెబితే సాయంత్రానికల్లా కింది వాటాకు చేరుతుంది. ఇద్దరిలో ఎవరు అలిగినా నష్టపోయేది పిల్లే. కాబట్టి కారణం చెప్పకుండా పద్ధతి మాత్రం చెప్పాను. శనివారం లావణ్యకు సెలవు. జోయెల్‌ను మేడ మీదికి పంపమని గ్రేసమ్మ గారిని కోరాను.

శనివారం నేనూ వెళ్ళాను. జోయెల్‌ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని హన్సిక గిన్నెలోంచి వాడికి పెట్టమని లావణ్యకు చెప్పాను. ఆమె మొహం ముడుచుకుంది.

"నా బిడ్డే తింటలేదని నేను ఏడుస్తుంటే, నా చేతి బుక్క కిందింటి పిల్లగానికెందుకు మేడమ్?"

పెట్టి చూడమన్నాను. ఇష్టం లేకపోయినా పెట్టింది. జోయెల్ తాపీగా తిన్నాడు. దూరంగా గిలక్కాయతో ఆడుతున్న హన్సిక తల తిప్పింది. రెండో చెంచాకు గిలక్కాయ వదిలేసింది. మూడో చెంచాకు పాకుతూ వచ్చి తల్లి చున్నీ పట్టుకుని, జోయెల్‌ను ఒళ్ళోంచి తోసెయ్యాలని చూస్తూ, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపుకు తెరిచిన నోట్లో లావణ్య గబుక్కున చెంచా పెట్టింది. పిల్ల ఏడుపు ఆపి చప్పరించింది, మళ్ళీ నోరు తెరిచింది. లావణ్య నా వైపు తిరిగింది. "మేడమ్, తింటుంది... నా చేతిల తింటుంది మేడమ్" అంటూ ఏడుస్తూనే నవ్వింది. గిన్నె అడుగు కనిపించే దాకా పెట్టింది.

అదంతా గుమ్మంలో నిలబడి గ్రేసమ్మ కూడా చూశారు. అయితే ఆమె చూపు హన్సిక మీద లేదు. ఆమె మనవడు లావణ్య భుజానికి ఆనుకుని, అడగకుండానే నోరు తెరుస్తున్నాడు. "రాత్రిపూట మా దగ్గర ఇల్లంతా తిప్పుకుంటే గానీ రెండు ముద్దలు తినడండీ. ఇక్కడ చూడండి, ఎంత పెద్దమనిషో" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ గొంతులో తేడా నాకు తెలిసింది. ఆ తేడా నా గొంతులో నేను చాలాసార్లు విన్నదే. ఆమె జోయెల్‌ను ఎత్తుకుని కిందికి వెళ్ళిపోయారు.

తరువాతి వారం లావణ్య ఫోన్ చేసింది. పిల్ల మళ్ళీ తినడం మానేసిందట. జోయెల్ రావడం లేదు. అడిగితే "వాడికి జలుబమ్మా" అంటున్నారట. పైగా మధ్యాహ్నం పూట కూడా మనవడికి వంటింట్లో వేరేగా పెడుతున్నారని, పిల్ల ఇప్పుడు అక్కడ కూడా సరిగ్గా తినడం లేదని చెప్పింది. "ఆమెకు మంచిగనిపిస్తలేదు మేడమ్, నాకు తెల్వదా? నేను రేపే క్రెష్‌ల మాట్లాడుకుంట" అంది. బరువు చూసే బుధవారం దగ్గర పడుతోంది. ఉన్న ఒక్క పూటా పోయింది.

ఆ సాయంత్రమే గ్రేసమ్మ గారింటికి వెళ్ళాను. జోయెల్‌కు జలుబూ లేదు, దగ్గూ లేదు, బంతి తన్నుతున్నాడు. ఆమె నాకు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. తరువాత తనే అన్నారు. "నాకున్నది ఈ ఒక్క పనేనండీ. బడి అయిపోయింది. కూతురు డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటుంది. వీడు తినడానికి కూడా నేను అక్కర్లేదంటే ఎలా చెప్పండి?"

నాకు అప్పుడు రెండు దారులున్నాయి. పిల్ల ఎందుకు తింటోందో ఉన్నదున్నట్టు చెప్పడం ఒకటి. దానితో నా కుళ్ళు చల్లారుతుంది. "మీ చేతిలో ఏమీ లేదండీ, మీ మనవడిలో ఉంది" అని ఒక్క వాక్యం చాలు. రెండోది, ఆమెను చాప దగ్గరికి మళ్ళీ రప్పించడం. అప్పుడు ఆ వాక్యం జన్మలో చెప్పకూడదు. నాకు అది సులువేం కాలేదు. కాఫీ చల్లారిపోయే దాకా ఆలోచించాను.

చివరికి ఆమెకు నేను చెప్పింది కూడా అబద్ధం కాదు. ఈ వయసు పిల్లలు పెద్దలను చూసి కాదు, తోటిపిల్లలను చూసి నమలడం నేర్చుకుంటారని, జోయెల్ ముద్ద అన్నానికి అలవాటు పడాలన్నా పక్కన ఇంకో పిల్ల ఉంటే మంచిదని చెప్పాను. రోజూ సాయంత్రం లావణ్య రాగానే మెట్ల కింద ఉన్న వసారాలో ఒకే చాప వెయ్యాలి. ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు, ఒకే గిన్నె, రెండు చెంచాలు. మొదటి చెంచా ఎవరైనా ఎదుటివారి బిడ్డకు పెట్టాలి, ఆ తరువాత ఎవరి బిడ్డకు వాళ్ళు పెట్టుకోవాలి. మధ్యాహ్నం కూడా పిల్లలను విడదీయకూడదు. గ్రేసమ్మ ఆలోచించి, ప్రార్థన మాత్రం తానే చేస్తానన్నారు. నాకేం అభ్యంతరం? మేడ మీదికి వెళ్ళి లావణ్యకు కూడా అదే చెప్పాను. "మొదటి బుక్క ఆమె పెట్టాల్నా మేడమ్?" అని గునిసింది. మొదటిది ఒక్కటే అన్నాను. "సరే, జెర సూస్తా" అంది.

రెండు సాయంత్రాలు దగ్గరుండి చూశాను. గ్రేసమ్మ హన్సికకు మొదటి చెంచా పెడుతుంటే లావణ్య చూపు ఆ చెంచా మీదే. లావణ్య జోయెల్‌కు పెడుతుంటే గ్రేసమ్మ చూపు వాడి పెదవుల మీదే. పిల్లలిద్దరూ ఒకరి నోరు ఒకరు చూసుకుంటూ తిన్నారు. ఆ చాప మీద కుళ్ళుకోనిది ఎవరూ లేరు, గుమ్మంలో నిలబడిన నాతో సహా. గిన్నె మాత్రం ఖాళీ అయింది. పొద్దున పూట కూడా లావణ్య ఆఫీసుకు బయలుదేరే ముందు అదే చాప మొదలైంది. క్రెష్ మాట మళ్ళీ వినబడలేదు.

బరువు చూసిన బుధవారం క్లినిక్ కిక్కిరిసి ఉంది. సిస్టర్ హన్సికను తూకంలో పడుకోబెట్టి బరువు చదివింది. గీత లేచింది. మరీ ఎక్కువేం కాదు కానీ వార్డులో చేర్చే అవసరం లేదని డాక్టరుగారు తేల్చేశారు. "ఐరన్ చుక్కలు బాగా పనిచేశాయి, ఆకలి పుట్టించాయి" అని నా ముందే జూనియర్ డాక్టరుకు చెప్పారు. బయట వరసలో లావణ్య పక్కామెతో అంటోంది: "ఎవ్వలు పెట్టినా తినకపోతుండె అక్కా. నేను పట్టువట్టి నా చేతితోనే అలవాటు చేసిన." ఆ రోజు గ్రేసమ్మ కూడా జోయెల్‌కు టీకా వేయించడానికి వచ్చారు. నన్ను పక్కకు పిలిచి, "నేను పెట్టే మొదటి చెంచాలోనే ఉందండీ అంతా. నేను ప్రార్థన చేసి పెట్టాకే ఆ పిల్ల నోరు తెరుస్తుంది. లావణ్యతో అనకండి, బాధపడుతుంది" అన్నారు.

నా పేరు ఎవరూ అనలేదు. డాక్టరుగారు, తల్లి, కింది వాటా ఆవిడ, ముగ్గురూ ఆ పిల్లను ఎవరికి వాళ్ళే తినిపించేశారు. నేను ముగ్గురికీ అవునండీ అన్నాను. లోపల ఎంత మండిందో నాకే తెలుసు. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది, రిటైరయ్యాక అయినా చల్లారుతుందనుకున్నాను కానీ చల్లారలేదు.

ఆ తరువాత నా ఉద్యోగంలో రెండు పద్ధతులు మారాయి. క్లినిక్‌లో ఉగ్గు పెట్టి చూపించేటప్పుడు పిల్లలను ఒక్కొక్కరిగా పిలవడం మానేసి, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. తినని పిల్ల ఇంటికి వెళ్ళినప్పుడు గిన్నె అడగక ముందు, ఆ గదిలో ఎవరెవరు కూర్చుంటారో, ఎవరి చూపు ఎవరి మీద ఉందో చూడటం నేర్చుకున్నాను. పిల్లకు తిండి మప్పిన ఘనత ఎవరిదని ఇంట్లోవాళ్ళు అడిగితే, అడిగినవాళ్ళదేనని చెప్పి చెయ్యి కడుక్కుని రావాలి.